లజీగారి ఆరో అంతస్తు

మా బావ లిఫ్టు నడుపుతాడు. ఆరంతస్తుల ఆసుపత్రిలో స్ట్రెచరు పట్టేంత పెద్ద లిఫ్టు, లాగితే కీచుమనే ఇనుప తలుపు, మూలన ఒక ఎత్తు స్టూలు, దాని మీద మా బావ. ఇంతే అయితే ఆయన గురించి చెప్పుకోవడానికి ఏముంది? నోరు మూసుకుని మీటలు నొక్కేవాళ్ళు ఎంతమంది లేరు! మా బావకి ఆ నోరు మూసుకోవడమే చేతకాదు.

లిఫ్టు కదలగానే మొదలుపెడతాడు. "ఒకటి! ఆఫ్తల్మాలజీ. అంటే కళ్ళు. కళ్ళవాళ్ళు దిగండమ్మా. రెండు! కార్డియాలజీ. గుండె. నెమ్మదిగా బాబూ, గుండెవాళ్ళు తోసుకోకూడదు. మూడు! గాస్ట్రోఎంటరాలజీ. పొట్ట, పేగులు. నాలుగు! నెఫ్రాలజీ. మూత్రపిండాలు. ఐదు! న్యూరాలజీ. మెదడు, నరాలు." ఆరో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుంటాడు. అన్నిటికన్నా ఆయనకి ఇష్టమైన మాట అక్కడుంది. "ఆరు! ఓటో... రైనో... లారింగాలజీ! చెవి, ముక్కు, గొంతు!" బహుమతి గెలిచినవాడి పేరు చదివినట్టు చదువుతాడు.

అన్ని మాటల చివరా లజీ, లజీ అని వస్తుంది కాబట్టి ఆసుపత్రిలో ఆయన్ని అందరూ లజీగారు అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. నేను ఆయన భార్యకి చెల్లెల్ని. అదే ఆసుపత్రిలో కింద రిపోర్టుల కౌంటర్లో టైపు చేస్తాను. మరదల్ని కాబట్టి ఆయన్ని ఆటపట్టించే హక్కు వాళ్ళ పెళ్ళినాడే నాకు వచ్చింది. ముక్కు మీద కోపం మాత్రం నా సొంతం. ఈ రెండూ ఇందులో కనబడతాయని ముందే చెబుతున్నాను.

ఈ అరుపుల వెనక ఒక సంగతి ఉంది. ఒకప్పుడు అంతస్తుల్లో 'కళ్ళు', 'గుండె' అని మామూలు బోర్డులుండేవి. అవి మరీ చవకగా కనిపిస్తున్నాయని ఎవరికో అనిపించింది. పీకేసి, మెరిసే అక్షరాలతో పొడుగాటి ఇంగ్లీషు మాటలు పెట్టించారు. ఆ వారంలోనే చేతులు వణికే ఒక ముసలావిడ న్యూరాలజీకి వెళ్ళమంటే నెఫ్రాలజీలో దిగి, బెంచీ మీద సాయంత్రందాకా కూర్చుంది. వాళ్ళడిగితే మూత్రం కూడా పట్టి ఇచ్చింది. చేతుల వణుకుకి మూత్రమెందుకని అడిగే ధైర్యం ఆవిడకి లేదు. సాయంత్రం ఆవిడని కిందికి దింపుతూ బావ ఈ సంగతి విన్నాడు. ఆయన మనసు వెన్న. మర్నాటినుంచి నోరు విప్పాడు.

నోరు విప్పితే సరిపోదు కదా, అర్థాలు తెలియాలి. కనబడ్డ నర్సునల్లా అడిగాడు, మందుల కొట్టువాణ్ణి అడిగాడు, నా ప్రాణం తీశాడు. మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకుని నా కౌంటరు వెనక చేరి, ముద్ద నోట్లో ఉండగానే పాఠం మొదలుపెట్టేవాడు.

"మాటకి తల పట్టుకుంటే మనకి లొంగదు మరదలా. తోక పట్టుకోవాలి. చివర ఐటిస్ అని ఉందనుకో, వాపు. ఎక్టమీ అని ఉందా, కోసి తీసెయ్యడం. స్కోపీ అంటే గొట్టం పెట్టి తొంగిచూడ్డం. పతి అంటే రోగం."

"పతి అంటే మొగుడు కదా బావా?"

"ఆ సంగతి మీ అక్కనడుగు. రెండూ ఒకటేనంటుంది."

తోక పట్టుకుని ఆయన పడ్డ గోతులు కూడా తక్కువేం కాదు. ఒకసారి లిఫ్టు చెడిపోతే ఆఫీసువాళ్ళు తలుపు మీద కాగితం అంటించారు. అందులో 'అపాలజీ' అన్న మాట చూసి నా దగ్గరికి రొప్పుతూ వచ్చాడు. "కొత్త విభాగం పెట్టారా? ఏ అంతస్తులో? ఏ అవయవానికి?" అని. క్షమించమని అడగడం బావా అది అంటే నమ్మడే! "మరి లజీ ఉంది కదా" అంటాడు. ఇంకోసారి అనాటమీ పుస్తకం పట్టుకుని లిఫ్టెక్కిన డాక్టరు చదువుల పిల్లని "అనా అంటే ఏ భాగం తల్లీ? అది తీసేస్తే మనిషి బతుకుతాడా?" అని అడిగాడట. ఆ పిల్ల మూడో అంతస్తులో దిగాల్సింది ఐదో అంతస్తుదాకా నవ్వుతూనే వెళ్ళింది.

సగం ఒప్పు, సగం తప్పు. అయినా జనం ఆయన్నే అడిగేవాళ్ళు. తలుపు పడగానే జేబుల్లోంచి, సంచుల్లోంచి కాగితాలు బయటికి వచ్చేవి. "ఇదేంటి బాబూ? ఇందులో ఏం రాశారు?" బావ కాగితాన్ని దీపం కిందికి జరిపి, తోక చూసి, ధైర్యంగా ఏదో ఒకటి చెప్పేవాడు. విన్నవాళ్ళ ముఖాలు కాస్త తేరుకునేవి. నాకైతే ముచ్చటగానూ ఉండేది, గుండెల్లో రాయి పడ్డట్టూ ఉండేది. ఎప్పుడో ఎవరి ప్రాణం మీదికో తెస్తాడని తిట్టేదాన్ని. ఆ ఎవరో మా అక్కే అవుతుందని కలలో కూడా అనుకోలేదు.

మా అక్క పసిపిల్లల్ని చూసుకునే చోట పనిచేసేది. ఉద్యోగాలకి వెళ్ళే తల్లులు పొద్దున్నే పిల్లల్ని వదిలి వెళతారు. మూడు గదులు, ఒక వంటిల్లు, వెనక బట్టలారేసే వసారా. అక్క వంటింట్లో సీసాలు కడుగుతూనే "పక్క గదిలో గళ్ళచొక్కావాడు లేచాడు, ఆకలి ఏడుపు" అని చెప్పేది. ఇంకాసేపటికి "వసారా వైపు ఎవరో జారిపడ్డారు, దెబ్బ తగల్లేదు, దొంగేడుపు" అనేది. వెళ్ళి చూస్తే అక్షరాలా అంతే. తోటివాళ్ళు అక్క వీపుకి కూడా చెవులున్నాయనేవాళ్ళు. అక్కకి పిల్లల్లేరు. ఆ పిల్లలే ఆవిడ లోకం. ఇది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

ఇంటికొచ్చాక బావ ఆ రోజు కొత్తగా దొరికిన మాట అక్కకి అప్పజెప్పాలి. అది వాళ్ళ అలవాటు. ఇద్దరూ గుమ్మం మెట్టు మీద టీ గ్లాసులు పట్టుకుని కూర్చునేవాళ్ళు. "ఇవాళేం పట్టుకొచ్చారు?" అని అక్క అడిగేది. "కోలిసిస్టెక్టమీ" అని బావ నోరంతా తెరిచి చెప్పేవాడు. "తోక ఎక్టమీ కాబట్టి ఏదో తీసేశారన్నమాట" అని అక్క. "పిత్తాశయం!" అని బావ. "పాపం" అని అక్క. ఎవరి పిత్తాశయమో ఇద్దరికీ తెలియదు. అయినా ఇద్దరూ కాసేపు దానికోసం బాధపడేవాళ్ళు.

ఒకరోజు పొద్దున అక్క లేచి రెండడుగులు వేసి గోడ పట్టుకుంది. నేల ఊగుతోందంది. ఎడమ చెవిలో దూది కుక్కినట్టుందంది, లోపల ఏదో హోరుమంటోందంది. కాసేపటికి వాంతి చేసుకుంది. బావకి కాళ్ళూచేతులూ ఆడలేదు. కానీ ఆయన దగ్గర ఆయన విద్య ఉంది కదా. మంచం మీద కూర్చుని ఆలోచించాడు.

"చెవిలో నొప్పుందా?"

"నొప్పి లేదు. దూదిలా ఉంది."

"వాపు, చీము, జ్వరం?"

"ఏమీ లేవు."

"అయితే చెవి కాదు. చెవైతే ఓటైటిస్ అవ్వాలి. ఐటిస్ అంటే వాపు, నొప్పి ఉండి తీరాలి. తల తిరుగుడుని వర్టిగో అంటారు. దానికి తోక లేదు. తల తిరుగుతోందంటే తలలోనే ఏదో ఉంది. ఐదో అంతస్తు!"

ఆరో అంతస్తు మాటంటే ప్రాణమిచ్చే మనిషి, సొంత పెళ్ళాన్ని ఐదో అంతస్తులో దింపేశాడు. ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ రోజుకి మాత్రం అదంతా చాలా సబబుగా కనిపించింది. అక్క కూడా సరేనంది. ఆయన అర్థం చెబితే అక్కకి దానిమీద అప్పీలు లేదు.

లజీగారి భార్య అనగానే వరసలో ముందుకి పంపారు. పెద్ద డాక్టరు "ఏమైందమ్మా?" అని అక్కని అడిగితే బావే అందుకున్నాడు. "వర్టిగో సార్. నాసియా కూడా ఉంది." తల తిరుగుడుకీ వికారానికీ లిఫ్టాయన నోట అంత చక్కటి మాటలు విని డాక్టరు నవ్వి, మెచ్చుకుని, ఆ రెండు మాటలే రాసుకున్నాడు. తలకి స్కాన్ తీయమన్నాడు. దూది, హోరు కాగితం మీదికి ఎక్కలేదు. అక్క చెప్పబోయిందట. కానీ బావ అంత బాగా చెబుతుంటే తను మధ్యలో దూది గురించి మాట్లాడడం చిన్నతనంగా ఉంటుందని ఊరుకుందట. ఇదంతా తర్వాత తెలిసింది.

స్కాన్ రిపోర్టు టైపు చేసింది నేనే. నార్మల్. ఆ మాట చూసి బావ చిన్నపిల్లాడిలా గంతేశాడు. తల తిరుగుడు తగ్గడానికి ఇచ్చిన మాత్రలు వేసుకుని అక్క గోడ పట్టుకోకుండా నడవగలిగింది. అయినా మనిషి మనిషిలా లేదు. వాంతులు కదా, పొట్టేమో అనుకుని మూడో అంతస్తుకి తీసుకెళ్ళాడు. అక్కడ కూడా తనే మాట్లాడాడు. గొట్టం పెట్టి తొంగిచూశారు. నార్మల్. గుండె దడగా ఉందంటే రెండో అంతస్తు. నార్మల్. తన లిఫ్టులో తనే పైకీ కిందికీ తిప్పుతూ, "తొందరపడకు, ఒక్కోటీ కొట్టేసుకుంటూ వస్తున్నాం" అని అక్కకి ధైర్యం చెప్పేవాడు. మామూలుగా ఉందని ఇన్ని కాగితాలు చెబుతుంటే మనిషి ఇలా ఎందుకుందో తెలియక నాకు తల ప్రాణం తోకకి వచ్చింది.

అప్పటికే అక్క తిరిగి పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ ఏదో తేడాగా ఉందని నాతో అంది. "అందరూ గొణుగుతున్నారే. పిలిస్తే ఎవరు పిలిచారో తెలియట్లేదు. ఏడుపు వినపడుతోంది. ఎటునించో తెలియట్లేదు." నిద్ర చాలక అలా ఉందేమోనన్నాను. ఒకరోజు గళ్ళచొక్కావాడు వసారాలో బకెట్టు తలకిందులు చేసుకుని దాని అంచు కింద వేళ్ళు ఇరికించుకుని కేకలు పెట్టాడు. అక్క ఆ కేక విని పరిగెత్తింది. ముందు గదిలోకి పరిగెత్తింది. అక్కడ లేడు. మధ్య గదిలోకి పరిగెత్తింది. కేక మాత్రం ఎక్కడికి వెళ్ళినా ఒకేలా వినబడుతోందట. వాణ్ణి చివరికి ఇంకెవరో తీశారు. వేళ్ళు కమిలాయి, అంతకుమించి ఏమీ కాలేదు. కానీ ఆ చోటు నడిపే పెద్దావిడ అక్కని కూర్చోబెట్టి, "ఒంట్లో బాగయ్యాక రా తల్లీ. అందాకా ఇంట్లో ఉండు" అంది. కోపంగా కాదు, ప్రేమగానే అంది. అక్క ఇంటికొచ్చి వెక్కివెక్కి ఏడ్చింది.

నాకు సంగతి తట్టింది ఫోనువల్ల. ఒక సాయంత్రం అక్కకి ఫోన్ చేశాను. "హలో, హలో" అంటుంది, నేను మాట్లాడుతున్నా వినిపించుకోదు. "ఫోన్ పాడైనట్టుంది, ఏమీ వినబళ్ళేదు" అని పెట్టేసింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. బావ ఫోన్‌కి చేసి, అక్కకిమ్మన్నాను. అదీ పాడైందట!

"బావా, ఆవిడ ఫోన్ ఏ చెవి దగ్గర పెట్టుకుంది?"

"ఎడమ చెవి. ఎప్పుడూ అంతేగా."

"కుడి చెవికి పెట్టు."

"హలో" అంది అక్క, స్పష్టంగా. "ఇప్పుడు బాగుందే. ఏమైంది దీనికి?"

ఫోన్‌కేమీ కాలేదక్కా, రేపు నాతో రా అన్నాను.

మర్నాడు నేనే లాక్కెళ్ళాను, ఆరో అంతస్తుకి. బావ లిఫ్టు నడిపాడు కానీ అంతస్తుల పేర్లు అరవడం మర్చిపోయాడు. పైకి చేరాక లిఫ్టు ఇంకొకళ్ళకి అప్పగించి మా వెనకే వచ్చాడు. చెవి డాక్టరమ్మ మెల్లగా మాట్లాడే మనిషి. ఆవిడ అక్కనే అడిగింది, బావని కాదు. అక్క దూది గురించి చెప్పింది. డాక్టరమ్మ కలం ఆగింది.

"ఎన్నాళ్ళయిందమ్మా?"

అక్క బావ వైపు చూసింది. బావ నా వైపు చూశాడు. "రెండు వారాలు దాటింది" అన్నాను నేనే.

రెండు పళ్ళ ఫోర్కులాంటి ఇనుప చువ్వని కొట్టి, మోగుతుండగా నుదుటి మీద ఆనించారు. చెవుల పక్కన పెట్టారు. తర్వాత అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి పరికరం తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. కుడి చెవి పరీక్షలో అక్క చెయ్యి చకచకా లేచింది. ఎడమ చెవి పరీక్ష మొదలైంది. అక్క బుద్ధిగా, ఒళ్ళో చెయ్యి పెట్టుకుని, ఎప్పుడు మొదలుపెడతారా అని మా వైపు చూస్తూ కూర్చుంది.

డాక్టరమ్మ కాగితం మీద ఒక పొడుగాటి వరస రాసింది. నా ఉద్యోగంలో నేను టైపు చేసిన వాటిలో అంత పొడుగు రోగం పేరు గుర్తులేదు. ఇడియోపతిక్ సడన్ సెన్సరీన్యూరల్ హియరింగ్ లాస్. బావ ఆ కాగితాన్ని తీసుకుని, అలవాటు ప్రకారం వెలుగులోకి జరిపాడు. చాలాసేపు చూశాడు.

"ఇందులో చెవి నరం పాడైందని ఉంది. ఉన్నట్టుండి వినికిడి పోయిందని ఉంది. అంతవరకూ తెలిసిందమ్మా. మొదటి మాటలో పతి ఉంది, అంటే రోగం. మరి ఇడియో అంటే ఏమిటి?"

"ఆ మొదటి మాటంతా కలిపి, ఎందుకొచ్చిందో తెలియదని అర్థమండీ."

"ఎవరికి తెలియదు?"

"ఎవరికీ తెలియదు. ఇలాంటివి చాలావాటికి కారణం దొరకదు."

బావ నోరెళ్ళబెట్టాడు. "తెలియదన్న ఒక్క ముక్కకి అంత పొడుగు మాటా?" అన్నాడు. వెటకారంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు.

మాత్రలిచ్చారు. చెవి లోపల కర్ణభేరి గుండా సూది మందు వేస్తామన్నారు. అక్క సూదులంటే భయపడే మనిషి. ఆ పిల్లల దగ్గరికి మళ్ళీ వెళ్ళాలంటే వినబడాలి కాబట్టి ఒక్క మాట అనకుండా ఒప్పుకుంది. బయటికొచ్చేముందు బావ గుమ్మం దగ్గర ఆగాడు.

"అమ్మా, మొదటి రోజే మీ దగ్గరికి తెచ్చుంటే వినికిడి తిరిగి వచ్చేదా?"

"మొదట్లో వస్తే అవకాశం ఎక్కువ. కానీ కొందరికి ఆ రోజే వైద్యం చేసినా రాదు. కొందరికి ఏ మందూ లేకుండానే దానంతటదే వస్తుంది. మీ ఆవిడ సంగతి ఏమయ్యేదో నేను చెప్పలేను."

తిట్టినా బావ తట్టుకునేవాడు. 'మీవల్లే పోయింది' అన్నా కుళ్ళికుళ్ళి ఏడ్చి తేరుకునేవాడు. మీవల్ల కాదన్నా ఊపిరి పీల్చుకునేవాడు. ఈ రెండూ కాని మాట పట్టుకుని ఏం చేసుకోవాలో ఆయనకి తెలియలేదు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి "వచ్చేదేమో" అనేవాడు. కాసేపాగి "వచ్చేది కాదేమో" అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. నీ తోకలు తగలెయ్య అని ఒకరోజు గట్టిగానే అరిచాను. ఆయన తలొంచుకుని విన్నాడు. అరిచినందుకు తృప్తిగా లేకపోగా, ఇంకాస్త చిరాకేసింది.

లిఫ్టులో కూడా మాట పడిపోయింది. అంకెలు మాత్రం చెప్పేవాడు. ఒకటి, రెండు, మూడు. అంతే. జనం కాగితాలు చూపిస్తే "నాకు తెలీదమ్మా, లోపల అడగండి" అనేవాడు. కళ్ళవాళ్ళు గుండె దగ్గర దిగేవాళ్ళు. నరాలవాళ్ళు మూత్రపిండాల దగ్గర కూర్చునేవాళ్ళు. నా కౌంటర్ దగ్గరికి వచ్చి "లజీగారికి ఏమైంది?" అని అడిగేవాళ్ళు.

అక్క ఇంట్లో గుమ్మం మెట్టు మీద చోటు మార్చుకుంది. కుడి చెవి ఆయన వైపు ఉండేలా జరిగి కూర్చుంది. "ఇవాళేం పట్టుకొచ్చారు?" అని అడిగింది.

"ఏమీ లేదు."

"ఆసుపత్రంతా వెతికినా ఒక్క మాట దొరకలేదా?"

"నాకేమీ రాదే. ఇన్నాళ్ళూ వచ్చనుకున్నాను."

"నాకు పోయింది ఒక చెవి. మీకేం పోయిందని ఇలా కూర్చున్నారు?" అంది అక్క. బావ టీ గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

సూదులు అయిపోయాయి. మాత్రలు అయిపోయాయి. ఆఖరి పరీక్ష కూడా చేశారు. రిపోర్టు నా కౌంటర్‌కే వచ్చింది. కుడి చెవి గీత పైన చక్కగా పోతోంది. ఎడమ చెవి గీత మొదటిసారి ఎక్కడుందో అక్కడే, అట్టడుగున ఉంది. అక్క కౌంటర్ ముందు నిలబడి నన్నే చూస్తోంది. ముద్రించిన కాగితం తీసుకుని, మడిచి, సంచిలో పెట్టుకుంది.

"ఇవాళ పొద్దున ఆ పెద్దావిడకి చెప్పేశాను, ఇంక రానని" అంది. "ఆవిడ రమ్మనే అంది. వంటింట్లో పని చూసుకోమంది. నాకే భయమేసింది. పిల్లాడు ఏడుస్తుంటే ఎటు పరిగెత్తాలో తెలియనిదాన్ని, ఎలా ఉంటాను అక్కడ?"

నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. డాక్టరమ్మకి చూపించాలి కదా, పద అన్నాను.

లిఫ్టు కిక్కిరిసి ఉంది. స్ట్రెచరు ఒకటి, దాని చుట్టూ బంధువులు, సంచులు, ఒక తాతగారి చేతికర్ర. మమ్మల్ని జనం వెనక గోడ దాకా నెట్టేశారు. బావ స్టూలు మీంచి తలల మధ్యగా నన్ను చూశాడు. నా ముఖంలో ఏం కనబడిందో, చూపు తిప్పేసుకున్నాడు. తలుపు కీచుమంది. "ఒకటి" అన్నాడు. ఇద్దరు దిగారు. "రెండు" అన్నాడు. ఎవరో "గుండెకి ఇదేనా బాబూ?" అని అడిగారు. తలూపాడు.

మూడు దాటాక అక్క గొంతెత్తింది. ఒక చెవి పోయినప్పటినుంచి తనకి తెలియకుండానే గట్టిగా మాట్లాడుతోంది. లిఫ్టంతా వినబడింది.

"ఏవండీ, ఆరో అంతస్తులో ఏముంటుందో చెప్పరేం?"

నాలుగు వచ్చింది, ఐదు వచ్చింది, తలుపు తెరిచి మూశాడు. లిఫ్టు మళ్ళీ కదిలింది. ఆయన గొంతు సవరించుకోవడం వినబడింది.

"ఆరు. ఓటో... రైనో... లారింగాలజీ. చెవి, ముక్కు, గొంతు." అక్కడ ఆగలేదు. "చెవిలో దూది పెట్టినట్టున్నా, హోరుమన్నా, ఉన్నట్టుండి ఒక పక్క వినబడకపోయినా ముందు ఇక్కడికే రండమ్మా. నొప్పి లేకపోయినా రండి. ఆ రోజే రండి. మీకు ఎలా ఉందో అలాగే మీ మాటల్లో చెప్పండి. ఎవరినీ చెప్పనివ్వకండి. మీరే చెప్పండి."

తాతగారు ఇదంతా తనకేననుకుని "సరే బాబూ, సరే" అన్నాడు.

అక్క ముఖం వెలిగిపోయింది. అన్నాళ్ళ తర్వాత ఆ మాట విన్నది కదా. నవ్వుతూ ఆయన కోసం తల తిప్పింది. జనం తలల వెనక స్టూలు కనబడక, గొంతు వినిపించిన కుడి వైపుకి, ఖాళీగా ఉన్న గోడ వైపు తిప్పింది. అక్కడ ఆయన లేడు. అటూ ఇటూ వెతికింది. గొంతు వినబడుతోంది, మనిషి ఎక్కడున్నాడో తెలియడం లేదు. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది.

బావ స్టూలు దిగాడు. జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, వెనకనుంచి కాకుండా ఎదురుగా నిలబడి, అక్క భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇటు," అన్నాడు. "ఇటే ఉన్నాను."